ఫ్రేమ్‌వర్క్ స్టైల్‌షీట్‌ను కాపీ చేయొద్దు, ఇంపోర్ట్ చేయండి

ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాని వెబ్ పేజీలుగా మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. దాని మీద నడిచే ఏ వెబ్ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నా దానితో పాటే కొన్ని స్టైల్‌షీట్లు, అంటే ఆ భాషలో రాసిన ఫైళ్లు, వస్తాయి. పేజీ చట్రం, మెనూ, ఫారం, పేజీ నంబర్ల వరస, ఎర్రర్ సందేశం, అన్నిటికీ అందులో టెంప్లేట్లు, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని ఏ భాగాన్ని ఎలా మార్చాలో చెప్పే నియమాలు, ఉంటాయి. చాలావరకు మన సైటుకి ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. సరిపోని చోట ఎక్కువమంది చేసే పని ఒక్కటే: ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్‌లోంచి ఆ ఫైలు తెచ్చి తమ ఫోల్డర్‌లో పెట్టుకుని, నాలుగు లైన్లు మార్చి వాడుకోవడం. మార్చింది నాలుగు లైన్లే, కానీ ఆ రోజు నుంచి ఫైలంతటి బాధ్యతా మన నెత్తిన పడుతుంది. తర్వాతి వెర్షన్‌లో ఫ్రేమ్‌వర్క్ వాళ్లు ఫారంలో ఉన్న ఒక భద్రతా లోపాన్ని సరిచేస్తే ఆ దిద్దుబాటు మన కాపీలోకి రాదు. రాలేదన్న సంగతి చెప్పేవాళ్లూ ఉండరు, ఎందుకంటే పాత కాపీ ఏ ఎర్రరూ ఇవ్వకుండా పనిచేస్తూనే ఉంటుంది.

దీనికి మందు భాషలోనే ఉంది. 1999 నవంబరు 16న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లోనే ఒక స్టైల్‌షీట్ మరో స్టైల్‌షీట్‌ను ఇంపోర్ట్ చేసుకుని, తనకి కావలసినవి మాత్రమే పైన రాసుకునే ఏర్పాటు ఉంది. సైటు స్టైల్‌షీట్‌లో తేడా తప్ప ఇంకేమీ ఉండకూడదని నా వాదన. అయితే అది సైటు రాసేవాళ్ల చేతిలో మాత్రమే ఉన్న పని కాదు. ఇంపోర్ట్‌కి అనుకూలంగా రాయని ఫ్రేమ్‌వర్క్ తన వాడుకదార్లను చేజేతులా కాపీ వైపు నెడుతుంది. కాబట్టి ఈ వ్యాసం రెండు పక్షాలకీ.

ఇక్కడ మాట్లాడేది సర్వర్‌లో జరిగే ట్రాన్స్‌ఫర్మేషన్ గురించి. బ్రౌజర్‌లోంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేస్తామని 2025లో క్రోమ్ బృందం ప్రకటించింది. సర్వర్ లైబ్రరీలకి ఆ నిర్ణయంతో సంబంధం లేదు.

ఇన్‌క్లూడ్ వేరు, ఇంపోర్ట్ వేరు

ఇన్‌క్లూడ్ చేస్తే ఆ ఫైల్లోని టెంప్లేట్లన్నీ మన ఫైల్లోనే రాసినట్టు లెక్క. రెండింటి స్థాయీ ఒకటే. ఇంపోర్ట్ చేస్తే తెచ్చుకున్న ఫైలు మనకంటే ఒక మెట్టు కిందకి పోతుంది. ఈ మెట్టునే ఇంపోర్ట్ ప్రెసిడెన్స్ అంటారు. ఒక నోడ్‌కి (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని ఎలిమెంట్, టెక్స్ట్ లాంటి ఒక్కో భాగం) రెండు టెంప్లేట్లు సరిపోలినప్పుడు స్టైల్‌షీట్‌ను నడిపే ప్రాసెసర్ ముందుగా చూసేది ప్రెసిడెన్స్‌నే. అది సమానమైతేనే టెంప్లేట్‌కి ఉండే ప్రయారిటీ అనే అంకె దాకా వెళ్తుంది.

ప్రయారిటీని మనం విడిగా రాయకపోతే ప్యాటర్న్ (టెంప్లేట్ ఏ నోడ్‌లకి పడాలో చెప్పే రాత) ఆకారాన్ని బట్టి అదే వస్తుంది. ఉత్త ఎలిమెంట్ పేరుకి 0. ప్రిఫిక్స్ పెట్టి తర్వాత నక్షత్రం గుర్తు రాస్తే -0.25. ఒంటరి నక్షత్రానికి, టెక్స్ట్()కి, నోడ్()కి -0.5. చదరపు బ్రాకెట్లలో షరతు ఉన్నా, స్లాష్‌తో దారి రాసినా 0.5.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చే స్టైల్‌షీట్‌ని కోర్ అందాం. కోర్‌లో పేజ్[@టైప్='న్యూస్'] అనే ప్యాటర్న్‌కి ఒక టెంప్లేట్ ఉంది. సైటు ఫైల్లో మీరు ఉత్త పేజ్ అని ఒక టెంప్లేట్ రాశారు. కోర్‌ని ఇన్‌క్లూడ్ చేసి ఉంటే వార్తల పేజీలకి మీ టెంప్లేట్ పడదు, 0.5 ముందు 0 నిలబడదు. మిగతా పేజీలు మారి వార్తల పేజీలు మాత్రం పాత రూపంలోనే కనిపిస్తుంటే కారణం ఇదే. అదే కోర్‌ని ఇంపోర్ట్ చేసి ఉంటే ఫలితం తలకిందులవుతుంది. వార్తల పేజీలకి కూడా మీ టెంప్లేటే పడుతుంది, కోర్‌లో వార్తలకి రాసిన తేదీ, రచయిత పేరు వగైరా ఏవీ రావు. ప్రెసిడెన్స్ దగ్గరే తీర్పు అయిపోయింది కనుక ప్రయారిటీని ఎవరూ అడగలేదు.

ఇన్‌క్లూడ్‌తో ఇబ్బంది పడినవాళ్లు తమ టెంప్లేట్‌కి ప్రయారిటీ 10 అని తగిలిస్తారు. పని జరుగుతుంది. తర్వాత మరో మాడ్యూల్ రాసేవాళ్లు 20 పెడతారు, ఇంకొకరు 100 పెడతారు. కొన్నాళ్లకి ఏ అంకె ఎందుకుందో ఎవరికీ తెలియని స్థితి వస్తుంది. ప్రయారిటీ ఒకే ఫైల్లోని టెంప్లేట్ల మధ్య తగువు తీర్చడానికి ఉద్దేశించింది. పొరల మధ్య తగువు తీర్చాల్సింది ప్రెసిడెన్స్. సైటు స్టైల్‌షీట్‌లో ప్రయారిటీ అంకెలు ఎక్కువగా కనిపిస్తే అక్కడ ఇంపోర్ట్ ఉండాల్సిన చోట ఇన్‌క్లూడ్ ఉందేమో ముందు చూడండి.

రెండు టెంప్లేట్లకి ప్రెసిడెన్స్, ప్రయారిటీ రెండూ సమానమైతే 1.0 ప్రకారం అది తప్పు, కానీ ప్రాసెసర్ చివరిదాన్ని ఎంచుకుని ముందుకు పోవచ్చు. బాగా వాడుకలో ఉన్న ప్రాసెసర్ లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నోరు మెదపకుండా చివరిదాన్నే వాడుతుంది. ఇన్‌క్లూడ్ లైన్లను అటూ ఇటూ జరిపితే సైటు రూపం మారిపోయేది అందుకే.

నక్షత్రం గుర్తు కోర్‌నంతా మింగేస్తుంది

ప్రెసిడెన్స్ ప్రయారిటీని మించినదన్న సూత్రం అందరినీ దెబ్బతీసే చోటు ఒకటుంది. సైటు రాసేవాళ్లు ఐడెంటిటీ టెంప్లేట్‌తో మొదలుపెట్టడం అలవాటు: @*|నోడ్() అన్న ప్యాటర్న్ పెట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపీ చేయమని చెప్పడం. ఒంటరి స్టైల్‌షీట్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది, దాని ప్రయారిటీ -0.5 కనుక మిగతా టెంప్లేట్లన్నీ దాన్ని దాటి వెళ్తాయి. కోర్‌ని ఇంపోర్ట్ చేసిన ఫైల్లో మాత్రం ఇదే టెంప్లేట్ కోర్‌లో పేరుపేరునా రాసిన ప్రతి టెంప్లేట్‌నీ ఓడిస్తుంది. పేజీకి బదులు ముడి ఎక్స్‌ఎమ్‌ఎల్ బయటికి వస్తుంది. సైటు చూసేవాళ్లకి తెల్లటి పేజీలో మెనూ పేర్లూ వ్యాసం పాఠమూ అతుక్కుపోయి కనిపిస్తాయి, ఎందుకంటే ఆ ట్యాగులు బ్రౌజర్‌కి తెలియవు.

దిద్దుబాటు తేలిక. ఐడెంటిటీ టెంప్లేట్‌ను ఒక చిన్న ఫైల్లో విడిగా పెట్టి, దాన్ని అన్నిటికంటే ముందు, అంటే కోర్ కంటే కూడా ముందు ఇంపోర్ట్ చేయాలి. అప్పుడది అన్నిటికంటే అడుగున ఉంటుంది, ఎవరూ పట్టించుకోని నోడ్‌లకి మాత్రమే పడుతుంది. ఇంకో దారి, దానికొక మోడ్ ఇవ్వడం, అంటే ఆ మోడ్ పేరుతో పిలిచినప్పుడే నడిచేలా చేయడం. వ్యాసంలో రచయిత రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ని ఉన్నది ఉన్నట్టు దాటించడానికే ఐడెంటిటీ కావలసి వస్తుంది కాబట్టి, దాన్ని ఆ మోడ్‌కే పరిమితం చేయడం నా దృష్టిలో మెరుగైన పద్ధతి.

కోర్ రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం కూడా ఇందులోనే ఉంది. 1.0లో, 2.0లో కోర్ తన టెంప్లేట్‌ను కాపాడుకునే మార్గమే లేదు. ప్రయారిటీ 1000 రాసినా పై పొరలోని -0.5 దాన్ని దాటిపోతుంది.

ఇంపోర్ట్ చెట్టు

1.0లో, 2.0లో ఇంపోర్ట్ లైన్లు స్టైల్‌షీట్ మొదట్లోనే ఉండాలి, వాటికి ముందు పారామీటర్ గానీ అవుట్‌పుట్ గానీ రాయకూడదు. ఒకే ఫైల్లో రెండు ఇంపోర్ట్‌లుంటే తర్వాతి దానిదే పైచేయి. ఇంపోర్ట్ అయిన ఫైలు మళ్లీ వేరేవాటిని ఇంపోర్ట్ చేస్తే అవి దానికంటే కింద. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కు వచ్చేది ఒకే ఫైలు రెండు దారుల్లో వచ్చినప్పుడు.

కామన్ అనే ఫైలుందనుకోండి. దాన్ని కోర్ ఇంపోర్ట్ చేసుకుని, అందులోని తేదీ టెంప్లేట్‌ను మార్చి రాసింది. మీ విడ్జెట్ల ఫైలుకి కూడా కామన్‌లోని ఏదో అవసరమై దాన్ని ఇంపోర్ట్ చేసుకుంది. సైటు ఫైలు ముందు కోర్‌ని, తర్వాత విడ్జెట్లని ఇంపోర్ట్ చేస్తుంది. ప్రెసిడెన్స్ కింది నుంచి పైకి ఇలా వస్తుంది: కామన్ మొదటి ప్రతి, కోర్, కామన్ రెండో ప్రతి, విడ్జెట్లు, సైటు. రెండో ప్రతి కోర్ కంటే పైన కూర్చుంది. కోర్ మార్చిన తేదీ టెంప్లేట్ మాయమై, కామన్‌లోని పాతది మళ్లీ అమల్లోకి వచ్చింది. విడ్జెట్ల ఫైల్లో తేదీ అన్న మాటే లేదు, అయినా సైటంతటా తేదీలు మారిపోయాయి. దీన్ని కోడ్ చదివి పట్టుకోవడం చాలా కష్టం.

అందుకే నేను పట్టుబట్టే నియమం: విడ్జెట్లలాంటి పక్క మాడ్యూళ్లు కోర్‌లోని దేన్నీ తామే ఇంపోర్ట్ చేసుకోకూడదు. అవసరమైన పేరున్న టెంప్లేట్ కోర్‌లో ఉందని నమ్మి పిలవడమే. అది దొరికేలా చూసే బాధ్యత పైనున్న ఫైలుది.

ఇక ఫ్రేమ్‌వర్క్‌లు చేసే పొరపాటు. చాలా వాటిలో ఇంపోర్ట్ లైన్లు మనం రాయం. ఫ్రేమ్‌వర్కే నడిచేటప్పుడు ఒక చిన్న స్టైల్‌షీట్‌ను మెమరీలో తయారుచేస్తుంది. అందులో వరసగా మూడు ఇంపోర్ట్‌లు: కోర్, థీమ్, సైటు. చూడ్డానికి సబబుగా ఉంది. థీమ్ కోర్‌ని ఓడిస్తుంది, సైటు రెండింటినీ ఓడిస్తుంది. కానీ థీమ్‌లోని టెంప్లేట్ అప్లై-ఇంపోర్ట్స్ (తాను కప్పిన కింది పొర టెంప్లేట్‌ను నడపమనే ఆదేశం) అని పిలిచిందంటే కథ అడ్డం తిరుగుతుంది. ఆ ఆదేశం వెతికేది తానున్న ఫైలు ఇంపోర్ట్ చేసుకున్నవాటిలో మాత్రమే. థీమ్ ఏమీ ఇంపోర్ట్ చేసుకోలేదు. కోర్ దానికి కింద లేదు, పక్కన ఉంది. ఏమీ దొరక్క ప్రాసెసర్ తన అంతర్గత నియమాలకి పడిపోతుంది: ఎలిమెంట్ అయితే పిల్లల్లోకి వెళ్లు, టెక్స్ట్ అయితే అచ్చు వెయ్యి. అలా అని టెక్స్ట్ బయటికి రావడమూ ఖాయం కాదు, పిల్లలకి ఏ టెంప్లేట్లు తగిలితే అవి నడుస్తాయి. మెనూ ఉండాల్సిన చోట ట్యాగుల్లేని పదాలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

వరసగా పేర్చడం కాదు, గొలుసుగా కట్టాలి. సైటు థీమ్‌ని ఇంపోర్ట్ చేయాలి, థీమ్ కోర్‌ని ఇంపోర్ట్ చేయాలి. థీమ్‌కి కోర్ ఎక్కడుందో తెలియాల్సిన పనిలేదు. ఫ్రేమ్‌వర్క్ తనదైన ఒక యూఆర్‌ఐ స్కీమ్ ఏర్పాటు చేసి, ఇంపోర్ట్‌లో "నా కింది పొర" అన్న అర్థం వచ్చే చిరునామా రాయమని చెప్పవచ్చు. ఆ చిరునామాని అసలు ఫైలుగా మార్చే పని రిజాల్వర్‌ది. జావాలో దానికి యూఆర్‌ఐరిజాల్వర్ ఉంది. పైథాన్ ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పార్సర్‌కి రిజాల్వర్ తగిలించవచ్చు. పీహెచ్‌పీలో స్ట్రీమ్ ర్యాపర్ రిజిస్టర్ చేసినా ఆ పని జరుగుతుంది. చిరునామాలోనే అడిగే పొర పేరు కూడా ఉంటే మంచిది, ఎవరు అడుగుతున్నారో అన్ని లైబ్రరీలూ రిజాల్వర్‌కి చెప్పవు.

2.0లో వచ్చిన నెక్స్ట్-మ్యాచ్‌కి ఈ గొడవ లేదు, అది చెట్టుతో నిమిత్తం లేకుండా తర్వాతి స్థానంలో ఉన్న టెంప్లేట్‌ను పట్టుకుంటుంది. కానీ లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎస్‌ఎల్‌కంపైల్డ్‌ట్రాన్స్‌ఫామ్ రెండూ 1.0 దగ్గరే ఆగాయి. పీహెచ్‌పీ, పైథాన్, రూబీ ప్రపంచం చాలావరకు లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మీదే నడుస్తోంది కాబట్టి గొలుసు తప్పదు.

కోర్ టెంప్లేట్‌ను చుట్టి వాడటం

పూర్తిగా తిరగరాయకుండా, కోర్ ఇచ్చే ఫలితం చుట్టూ ఒక డివ్ పెట్టాలంటే అప్లై-ఇంపోర్ట్స్ సరైన సాధనం. మీ టెంప్లేట్‌లో డివ్ తెరిచి, అప్లై-ఇంపోర్ట్స్ అని రాసి, డివ్ మూయడమే. కోర్ రేపు మారినా మీ చుట్టు అలాగే ఉంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి.

ఒకటి, ఫర్-ఈచ్ లోపల అది పనిచేయదు. ఫర్-ఈచ్‌లోకి వెళ్లగానే ప్రస్తుత టెంప్లేట్ అన్న సమాచారం చెరిగిపోతుంది, ఎర్రర్ వస్తుంది.

రెండోది లోతైనది. 1.0లో అప్లై-ఇంపోర్ట్స్‌కి పారామీటర్లు ఇవ్వలేం. కోర్‌లో మెనూ ఐటెమ్ టెంప్లేట్‌కి డెప్త్ అనే పారామీటర్ ఉంది, చెప్పకపోతే దాని విలువ 1. పిల్లల్ని పిలిచేటప్పుడు కోర్ దానికి ఒకటి కలిపి పంపుతుంది. మీరు ఆ టెంప్లేట్‌ను చుట్టిన క్షణం ఈ గొలుసు తెగుతుంది. పంపిన 2 మీ టెంప్లేట్ దగ్గర ఆగిపోతుంది, అప్లై-ఇంపోర్ట్స్ ద్వారా కోర్‌కి చేరేసరికి మళ్లీ 1. మెనూలో అన్ని అంచెలకీ మొదటి అంచె క్లాసే పడుతుంది, రెండో అంచె దగ్గర ఆగాల్సిన మెనూ చివరిదాకా విచ్చుకుంటుంది. ఎర్రర్ ఉండదు. లక్షణం చూసి సీఎస్‌ఎస్‌లో వెతుకుతూ సమయం పోగొట్టుకుంటారు.

2.0లో అప్లై-ఇంపోర్ట్స్ లోపల విత్-పారామ్ రాయవచ్చు, టన్నెల్ అని గుర్తు పెట్టిన పారామీటర్లైతే మధ్య టెంప్లేట్లు చెప్పకుండానే దాటిపోతాయి. 1.0లో ఉన్నప్పుడు బాధ్యత కోర్‌దే. లోతుని పారామీటర్‌గా మోసుకెళ్లే బదులు పూర్వీకుల్లో ఎన్ని ఐటెమ్‌లున్నాయో అక్కడికక్కడే లెక్కపెట్టాలి. లేదా ఐటెమ్ లోపలి భాగాన్ని పేరున్న టెంప్లేట్‌గా విడదీయాలి, అప్పుడు సైటు దాన్ని కాల్-టెంప్లేట్‌తో కావలసిన పారామీటర్లిచ్చి పిలుచుకుంటుంది.

టెంప్లేట్లు కాక మిగిలినవి

పేరున్న టెంప్లేట్లలో పై పొరది నెగ్గుతుంది. కోర్ లోపలి నుంచి పిలిచినా సైటు రాసిందే నడుస్తుంది. అయితే ఓడిపోయిన దాన్ని ఆ పేరుతో మళ్లీ పిలిచే దారి లేదు, అప్లై-ఇంపోర్ట్స్ ఇక్కడ అక్కరకు రాదు. ఒకే స్థాయిలో ఒకే పేరు రెండుసార్లుంటే ఎర్రరు. ఒకే ఫైల్ని రెండు చోట్ల ఇన్‌క్లూడ్ చేసినప్పుడు వచ్చేది అదే.

గ్లోబల్ వేరియబుళ్లదీ ఇదే తీరు, వాటిని నేను అన్నిటికంటే మెచ్చుకుంటాను. కోర్‌లో ఒక వేరియబుల్ బొమ్మల ఫోల్డర్ చెబుతుంది, మరో వేరియబుల్ దాన్ని వాడుకుని లోగో దారి కడుతుంది. సైటు మొదటిదాన్ని మాత్రమే మారిస్తే రెండోది దానంతటదే మారుతుంది. ఒక్క లైనుతో పని. కానీ కోర్‌లో పారామ్‌గా ఉన్నదాన్ని సైటులో వేరియబుల్‌గా రాశారో, ఫ్రేమ్‌వర్క్ బయటి నుంచి పంపే విలువ ఇక లోపలికి రాదు. మీ మెషీన్లో అంతా బాగుండి, అసలు సర్వర్‌కి వెళ్లాక లింకులన్నీ లోకల్‌హోస్ట్ అని చూపిస్తుంటే ఇది చూడండి. పారామ్‌ని పారామ్‌తోనే మార్చాలి.

అవుట్‌పుట్ ఆదేశాలు ఒక్కో ఆట్రిబ్యూట్‌గా కలిసిపోతాయి. సైటులో ఇండెంట్ మాత్రమే రాస్తే కోర్‌లోని మెథడ్ అలాగే నిలుస్తుంది. ఆట్రిబ్యూట్-సెట్లూ కలుస్తాయి, కీలు (నోడ్‌లని త్వరగా వెతకడానికి పెట్టే సూచికలు) అన్నీ పోగవుతాయి, అంటే పై పొరలో కీ రాసి కిందిదాన్ని రద్దు చేయలేరు. డెసిమల్-ఫార్మాట్ 1.0లో కఠినం: వేర్వేరు పొరల్లో ఒకే పేరుతో వేర్వేరు విలువలుంటే ఎర్రరే. ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్ ఏ ఫైలుకా ఫైలే రాసుకోవాలి. సైటులో రాసి కోర్‌కీ వర్తిస్తుందనుకుంటే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుల మీద పనికిరాని నేమ్‌స్పేస్ ప్రకటనలు వేలాడుతూనే ఉంటాయి.

కోర్ రాసేవాళ్లకి

ఇంపోర్ట్ ఎంత చక్కటి ఏర్పాటైనా, పేజీ మొత్తాన్ని ఒకే టెంప్లేట్‌లో మూడువందల లైన్లు రాసిపెడితే దాన్ని మార్చాలంటే కాపీ తప్ప వేరే దారి ఉండదు. మార్పు కోరే చోటల్లా ఒక చిన్న టెంప్లేట్ ఉండాలి. ఈ పని ఎలా చేయాలో డాక్‌బుక్ (పుస్తకాలు, మాన్యువళ్లు రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) స్టైల్‌షీట్లు చూపించాయి. అందులో యూజర్.హెడ్.కంటెంట్ అనే ఖాళీ టెంప్లేట్ ఉంది, హెడ్ ట్యాగ్ లోపల దాన్ని పిలుస్తారు. కోర్‌లో అది చేసేది ఏమీ లేదు. మనకి ఒక మెటా ట్యాగ్ కావాలంటే అదే పేరుతో మన ఫైల్లో రాస్తే చాలు. మన పొరని అక్కడ కస్టమైజేషన్ లేయర్ అంటారు. డిజిటల్ గ్రంథాలయాల సాఫ్ట్‌వేర్ డీస్పేస్ పాత ఎక్స్‌ఎమ్‌ఎల్‌యూఐలో మిరాజ్ థీమ్ కూడా కింది స్టైల్‌షీట్‌ను ఇంపోర్ట్ చేసుకుని దాని మీద పేజీ నిర్మాణాన్ని మార్చి రాసిందే.

డాక్‌బుక్‌లోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. పుస్తకాన్ని అధ్యాయానికో పేజీగా విడగొట్టే చంకింగ్ వాడేటప్పుడు ఒకే ఫైల్లో అన్నీ రాస్తే కుదరదు. అధ్యాయం ఎలిమెంట్‌కి అక్కడ రెండు టెంప్లేట్లుంటాయి: ఒకటి ఫైలు విడగొట్టేది, రెండోది దాని లోపలి రూపం దిద్దేది. మొదటిది అప్లై-ఇంపోర్ట్స్‌తో రెండోదాన్ని పిలుస్తుంది. మీ రూపం మార్పు అన్నిటికంటే పైన రాస్తే అది విడగొట్టే టెంప్లేట్‌నే కప్పేసి, అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా రావడం మానేస్తాయి. అందుకని రూపం మార్పులు ఒక ఫైల్లో పెట్టి, పై ఫైల్లో ముందు దాన్ని, తర్వాత చంక్-కామన్‌ని ఇంపోర్ట్ చేసి, చంక్-కోడ్‌ను ఇన్‌క్లూడ్ చేస్తారు. పొరలు ఎన్ని ఉండాలో, మార్పు ఏ పొరకి చెందాలో కోర్ పత్రంలో స్పష్టంగా రాయకపోతే ఇది వాడుకదారు ఊహకి అందదు.

మోడ్‌లకీ పేరున్న టెంప్లేట్లకీ కోర్ తన నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్ పెట్టుకోవాలి. హెడర్ అనే పేరు సైటు రాసేవాళ్లకీ తడుతుంది. తెలియకుండా కోర్‌ది కప్పేస్తారు. ప్రిఫిక్స్ ఉంటే కప్పినవాళ్లు తెలిసే కప్పినట్టు.

లోడ్ చేసే కోడ్‌లో

మెమరీలో తయారైన స్టైల్‌షీట్‌కి చిరునామా ఉండదు, కనుక దానిలోని రిలేటివ్ ఇంపోర్ట్‌లు ఎక్కడి నుంచి వెతకాలో ప్రాసెసర్‌కి తెలియదు. సర్వర్ ఏ ఫోల్డర్ నుంచి మొదలైందో అక్కడ వెతుకుతుంది. కమాండ్ లైన్లో నడిచి వెబ్‌లో నడవకపోవడానికి ఇదొక పాత కారణం. జావాలో సోర్స్‌కి సిస్టమ్ ఐడీ పెట్టండి, ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో బేస్ యూఆర్‌ఎల్, పీహెచ్‌పీలో డాక్యుమెంట్ యూఆర్‌ఐ.

కంపైలైన స్టైల్‌షీట్‌ను దాచుకోవడం తప్పనిసరి, ప్రతి రిక్వెస్ట్‌కీ పది ఫైళ్లు చదవడం దండగ. జావాలో టెంప్లేట్స్ ఆబ్జెక్ట్‌ని థ్రెడ్‌లన్నీ పంచుకోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం పంచుకోకూడదు. దాచినది పాతబడిందా అని చూసేటప్పుడు పై ఫైలు తేదీ ఒక్కటే చూస్తే చాలదు. ఇంపోర్ట్ అయిన ప్రతి ఫైలునీ రిజాల్వర్ చేతే నమోదు చేయించి, అన్నిటి తేదీలూ చూడాలి. లేదంటే థీమ్‌లో మార్పు చేసి, అది కనిపించక, సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు బృందమంతా నేర్చుకుంటుంది.

పారామీటర్ పంపేటప్పుడు ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో స్ట్రింగ్‌ని నేరుగా ఇస్తే దాన్ని ఎక్స్‌పాత్‌గా (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో నోడ్‌లని వెతికే రాత) చదువుతుంది. హోమ్ అని పంపితే హోమ్ అనే ఎలిమెంట్ కోసం వెతికి, దొరక్క ఖాళీ ఇస్తుంది. స్ట్రింగ్ పారామ్ ఫంక్షన్‌తో చుట్టి పంపాలి. ఫలితాన్ని మామూలు టు-స్ట్రింగ్ ఫంక్షన్‌తో రాస్తే స్టైల్‌షీట్‌లోని అవుట్‌పుట్ ఆదేశాలని లెక్కచేయదు, ఫలితం ఆబ్జెక్ట్‌నే స్ట్రింగ్‌గా మార్చాలి. పీహెచ్‌పీలో ట్రాన్స్‌ఫామ్-టు-డాక్‌కీ ట్రాన్స్‌ఫామ్-టు-ఎక్స్‌ఎమ్‌ఎల్‌కీ ఉన్న తేడా కూడా ఇదే.

సైటు స్టైల్‌షీట్ బయటివాళ్లు అప్‌లోడ్ చేసేదైతే దాన్ని డేటాగా కాదు, ప్రోగ్రాంగా చూడాలి. డాక్యుమెంట్ ఫంక్షన్‌తో అది సర్వర్‌లోని ఫైళ్లు చదవగలదు. పీహెచ్‌పీ ఫంక్షన్లని జాబితా లేకుండా రిజిస్టర్ చేస్తే వాటిలో దేన్నైనా పిలవగలదు. జాబితా ఇవ్వండి, రిజాల్వర్‌లో మీ స్కీమ్ తప్ప మిగతావన్నీ తిరస్కరించండి, ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో యాక్సెస్ కంట్రోల్ పెట్టండి. డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎస్‌ఎల్‌కంపైల్డ్‌ట్రాన్స్‌ఫామ్ ఈ విషయంలో జాగ్రత్తపడింది: డాక్యుమెంట్ ఫంక్షన్, స్క్రిప్టులు రెండూ మనం తెరిస్తే తప్ప తెరుచుకోవు.

రెండు విడతల దారి

ఇంపోర్ట్ కాకుండా ఇంకో పద్ధతి ఉంది. కోర్ తన పని ముగించి హెచ్‌టీఎమ్‌ఎల్ ఇచ్చాక, దాని మీద మరో స్టైల్‌షీట్ నడిపి కావలసినవి మార్చడం. అపాచీ కొకూన్ పైప్‌లైన్లు ఈ ఆలోచన మీదే కట్టినవి. కోర్‌ని ముట్టుకునే వీలే లేనప్పుడు ఇది అక్కరకొస్తుంది. ప్రతి బయటి లింకుకీ ఒక ఆట్రిబ్యూట్ చేర్చడం లాంటి, పేజీ అంతటా వర్తించే పనికి ఇంపోర్ట్ కంటే ఇదే నయం. కానీ మెనూ రూపం మార్చడానికి దీన్ని వాడటాన్ని నేను ఒప్పుకోను. రెండో విడత కోర్ ఇచ్చే హెచ్‌టీఎమ్‌ఎల్ ఆకారం మీద ఆధారపడుతుంది, అది ఏ వెర్షన్‌లోనైనా మారవచ్చు, మారకూడదని ఎవరూ మాట ఇవ్వలేదు. రెండు విడతల మధ్య ఫలితాన్ని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ పార్స్ చేయకుండా చెట్టుగానే అందించండి. అప్పుడు డిసేబుల్-అవుట్‌పుట్-ఎస్కేపింగ్ పనిచేయదు, అది వాడిన చోటల్లా ట్యాగులు అక్షరాలుగా కనిపిస్తాయి.

కాపీ చేయక తప్పనప్పుడు

కోర్ టెంప్లేట్ విడదీయలేనంత పెద్దదై, ఫ్రేమ్‌వర్క్ వాళ్లు మార్చనంటే, ఆ ఒక్క టెంప్లేట్‌ను కాపీ చేయండి, ఫైల్ని కాదు. కోర్‌ని ఇంపోర్ట్ చేసిన మీ ఫైల్లో దాన్ని పెట్టి, పైన కోర్ వెర్షన్ నంబరూ, మార్చిన లైన్లూ వ్యాఖ్యగా రాయండి. తర్వాతి అప్‌గ్రేడ్‌లో పాత కోర్‌కీ కొత్త కోర్‌కీ ఆ ఒక్క టెంప్లేట్‌లో తేడా చూస్తే చాలు.

2017 జూన్ 8న వచ్చిన 3.0లో ప్యాకేజీలు ఉన్నాయి. ఏది పబ్లిక్, ఏది ప్రైవేట్, ఏది ఫైనల్ అన్నది కోర్ ప్రకటించవచ్చు. ఫైనల్ అన్నదాన్ని పై పొర కప్పలేదు. ఓవర్‌రైడ్ లోపల పేరున్న టెంప్లేట్ అసలు రూపాన్ని ఒరిజినల్ అన్న పేరుతో పిలవవచ్చు కూడా, అంటే 1.0లో లేని దారి ఇక్కడ తెరుచుకుంది. 3.0ని నడిపే ప్రాసెసర్ శాక్సన్ మీద నడిచే ఫ్రేమ్‌వర్క్ ఈరోజు కొత్తగా మొదలుపెడుతుంటే ప్యాకేజీలతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. మిగతావాళ్లకి ఇంపోర్ట్ గొలుసే ఆధారం.

ఏ టెంప్లేట్ గెలిచిందో ఊహించుకుంటూ కూర్చోనక్కరలేదు. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో వచ్చే కమాండ్ లైన్ సాధనం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌ని ప్రొఫైల్ ఆప్షన్‌తో నడిపితే నడిచిన ప్రతి టెంప్లేట్ ప్యాటర్న్, పేరు, మోడ్, ఎన్నిసార్లు నడిచిందో పట్టికగా ఇస్తుంది. శాక్సన్‌లో పెద్ద అక్షరం టీ (-T) ఆప్షన్ అడుగడుగునా జాడ చూపిస్తుంది. మీ టెంప్లేట్ పట్టికలో లేకపోతే అది ఓడిపోయిందని, లేదా దానికి సరిపోలే నోడ్ దాకా ప్రాసెసర్ రానేలేదని అర్థం. ఉండి కూడా ఫలితం తప్పైతే లోపం దాని లోపల ఉంది. టెంప్లేట్లు మూడు వేల లోతు దాటాయని లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఆగిపోతే ఏదో టెంప్లేట్ తన నోడ్‌నే మళ్లీ అప్లై-టెంప్లేట్స్‌కి ఇస్తోంది. అక్కడ రాయాల్సింది అప్లై-ఇంపోర్ట్స్. లోతు పరిమితి 3000 అన్నది అప్రమేయ విలువ, దాన్ని పెంచితే లోపం పోదు.

ఇక అప్‌గ్రేడ్ రోజు కోసం: సైటులో ఉన్న ప్రతి రకం పేజీకి ఒక్కో ఎక్స్‌ఎమ్‌ఎల్ నమూనా ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి. పాత కోర్‌తో వచ్చిన ఫలితాలు పక్కనే పెట్టి, కొత్త కోర్‌తో నడిపి రెండింటినీ డిఫ్ చేయండి. కనిపించే తేడాల్లో కొన్ని కోర్ ఉద్దేశించి చేసినవి, వాటిని ఒప్పుకుని కొత్త ఫలితాన్ని భద్రపరచండి. మిగిలినవి మీ పొర కప్పినవి గానీ, కప్పలేకపోయినవి గానీ అయి ఉంటాయి.